టిక్కెట్టు ఏనుగులు

ఏనుగు నాట్యం చేస్తోందని పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ చప్పట్లు తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

అరవైల మొదట్లో నేను నెల్లూరికి కాపురానికి వచ్చాను. మా అద్దె ఇంటి పెరటిగోడకు అవతలే పార్కు. అందులో ఒక మూల నాలుగు బోన్లు, ఒక రేకుల కొట్టం వేసి, జూ అని పేరు పెట్టారు. కొట్టంలో రెండు ఆడ ఏనుగులు. ఒకటి ముసలిది, ఒకటి పడుచుది. దివాలా తీసిన సర్కసు వాళ్ల దగ్గర పార్కు కమిటీ కొన్నదట. ముందుకాలికి ఒక గొలుసు, వెనకకాలికి ఒక గొలుసు. పొద్దస్తమానం నిలబడ్డ చోటే అటూ ఇటూ ఊగుతుండేవి. దానికే నాట్యమని పేరు.

మా అత్తది కావలికి పడమట ఒక పల్లె. సేద్యం చేసిన మనిషి. మా ఇద్దరికీ బొత్తిగా పడేది కాదు. నేను వండిన కూరలో ఆమెకు ఎప్పుడూ ఉప్పు తక్కువే. అలాంటి ఆమె ఒకరోజు గోడ మీదుగా చాలాసేపు చూసి, నావైపు తిరిగింది.

"అమ్మాయ్, వీటిని ఎప్పుడు ఇప్పుతారు?"

"విప్పరత్తా."

"నీళ్లకైనా తోలరా? పెన్న ఈడనే గదా ఉండేది!"

"తొట్టిలో పోస్తారు."

"బర్రెగొడ్డుకైనా పొద్దున్నే పలుపు ఇప్పుతామే! పద, అడుగుదాం."

కమిటీ ప్రెసిడెంటు ఊళ్లో పెద్దమనిషి. మమ్మల్ని వరండాలోనే నిలబెట్టి నవ్వాడు. "ఏటికి తోలితే ఊరంతా ఊరికే చూస్తారు పెద్దమ్మా. ఇంక టిక్కెట్టు ఎవురు కొంటారు?"

ఆ మాట అనడానికి అతనికి సిగ్గు వేయలేదు.

ఆ కార్తీకంలో వాయుగుండం పట్టింది. తెల్లారేసరికి పార్కులో మోకాటి లోతు నీళ్లు, గంట గంటకీ పెరుగుతున్నాయి. ఏనుగుల అరుపు మా వంటింట్లోకి వినిపించింది. గోడ దగ్గరికి పరుగెత్తాను. మావటి కొట్టంలో నిలబడి ఏడుస్తున్నాడు.

"గొలుసులకు తాళాలమ్మా. తాళంచెవులు ప్రెసిడెంటుగారి కాడ ఉండాయి. ఇయ్యనంటాడు."

అత్త చీర ఎగదోపింది. వానలో పడి ఇద్దరం ఆ ఇంటికి పోయాం.

"ఇప్పితే ఊరి మీద పడతాయి. చచ్చినోళ్లకు నువ్వు జవాబు చెప్తావా?" అన్నాడతను.

"అవి నీళ్లల్లో చస్తే నువ్వెవురికి చెప్తావురా?" అని అత్త అతని గుమ్మంలో బైఠాయించి, వీధి వీధంతా బయటికొచ్చేలా కేకలు పెట్టింది. నేనూ అరిచాను. అంతవరకు జీవితంలో అంత గట్టిగా అరిచింది లేదు. జనం మూగేసరికి అతను తాళంచెవుల గుత్తి మా కాళ్ల ముందు విసిరేశాడు.

మావటి వాటిని విప్పి, మెరకగా ఉన్న పెద్దబజారు వైపు నడిపించాడు. అవి ఎవరి మీదా పడలేదు. గోడ పట్టుకుని నడిచే రోగుల్లా నడిచాయి. ముసలిదాని కాలు ఊరంతా చూసింది. గొలుసు ఒరుసుకున్నచోట కండ కుళ్లి, లోపల తెల్లగా కనబడుతోంది. ఇన్నాళ్లూ చప్పట్లు కొట్టినవాళ్లే నోళ్లు నొక్కుకున్నారు. నాకు వాళ్ల మీద జాలి కలగలేదు.

ఇక వాటిని ఉంచితే పరువు పోతుందని కమిటీకి అర్థమైంది. పడమటి కొండల్లో అడవిశాఖ వాళ్ల ఏనుగుల శిబిరం ఉందని, అక్కడ పగలంతా మేతకు వదులుతారని ఎవరో చెప్తే, అక్కడికి పంపడానికి ఒప్పుకున్నారు.

స్టేషన్లో గూడ్సు వ్యాగన్ ముందు ప్రెసిడెంటు ఏనుగులకు బంతిపూల దండలు వేసి ఫోటో తీయించుకున్నాడు. మూగజీవాల మీద తనకున్న దయ గురించి ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"దండ కాదురా, ఆ పుండుకు కట్టు కట్టు!" అని అత్త గుంపులోంచి అరిచింది. ఉపన్యాసం అక్కడితో ఆగిపోయింది.

వాటితో పోయిన మావటి వేసవిలో తిరిగొచ్చి మా ఇంటికి వచ్చాడు. అత్త మంచినీళ్లు కూడా ఇవ్వకుండానే అడిగింది.

"ఏట్లో దిగినాయా?"

"పడుచుది ఉరికిందమ్మా. ముసల్ది గట్టున నిలబడి మూడుపూట్లా దిగలా. అడుగు తీసి అడుగెయ్యడమే మరిచిపోయినట్టుండాది. ఆనక పడుచుది వొచ్చి తొండంతో పిలిస్తే దిగింది. దిగినాక రమ్మంటే రాలా."

అత్త పమిటకొంగు మొహాన కప్పుకుంది. నేనూ ఏడ్చాను. ఆ రాత్రి ఆమె కూరకు వంక పెట్టలేదు.

ఏడాది తిరగకముందే ఆ కొట్టానికి కమ్మీలు బిగించి ఎలుగుబంటిని తెచ్చారు. మేం మళ్లీ వెళ్లాం. ఈసారి ప్రెసిడెంటు మమ్మల్ని కిటికీలోంచి చూసి తలుపు వేయించాడు. ఎంత అరిచినా వీధిలో ఒక్కరూ బయటికి రాలేదు. ఎలుగుబంటికి ఏనుగు కాలికున్నంత పుండు లేదు కదా, ఎవరికి కనబడుతుంది? అది ఆ కొట్టంలోనే చచ్చింది. నా పిల్లలు ఎంత ఏడ్చినా నేను వాళ్లను ఆ పార్కులోకి తీసుకుపోలేదు.