సూడల్ల మేస్త్రి

మునిరామయ్య మేస్త్రి తన జన్మలో ఏ పనినీ, ఎవరికీ, "చేస్తాను" అని చెప్పి ఎరుగడు. ఎవరేమడిగినా ఆయన సమాధానం ఒక్కటే: "సూడల్ల." చూడాలి, చూద్దాంలే అన్నట్టు.

"మేస్త్రీ, రేపు వస్తావా?" "సూడల్ల." "ఈ గోడ నిలబడుతుందా?" "సూడల్ల." "టీ తాగుతావా?" అంటే గ్లాసు అందుకుంటూ కూడా, "సూడల్లప్పా."

ఇక్కడ చిన్న వ్యాకరణ విషయం మనవి చేయాలి. బడిలో పాఠం దారి తప్పినట్టే రచనలోనూ తప్పడం నాకు అలవాటు. పదవీ విరమణతో ఉద్యోగం పోయింది గాని అలవాటు పోలేదు. తెలుగులో భవిష్యత్తుకూ నిత్యకృత్యానికీ క్రియారూపం ఒక్కటే. "సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు", "మావయ్య రేపు వస్తాడు": రెండింటా అదే ప్రత్యయం. ఈ సౌకర్యాన్ని మన గృహనిర్మాణ కాంట్రాక్టర్లు వాడుకున్నంతగా కవులు కూడా వాడుకోలేదు. వారు "రేపు వస్తాను" అంటే అది భవిష్యత్తు కాదు, నిత్యకృత్యం. ఏ రోజు అడిగినా అదే అంటారు.

ఈ సూత్రాన్ని నాకు సోదాహరణంగా బోధించినవాడు ప్రతాప్. చిత్తూరు మిట్టూరులోని మా ఇంటి వంటగది మా నాయన కట్టించినది. మిద్దె దూలాలకు చెదలు పట్టాయి. అది దించి స్లాబు వేయించాలనుకున్నప్పుడు ప్రతాప్ ప్రత్యక్షమయ్యాడు. నడుముకు సెల్‌ఫోను, చేతిలో రంగుల ఫోటోల ఆల్బం. "దీపావళికి కొత్త వంటింట్లో కజ్జికాయలు చేసుకుంటారు సార్!" అన్నాడు. మిద్దెను మహోత్సాహంగా కూల్చాడు. ఆ తరువాత ఆయన సెల్‌ఫోను మాత్రమే మాతో మాట్లాడేది: "రేపొస్తా సార్." కొన్నాళ్లకు అదీ మానేసింది.

దీపావళి వెళ్లిపోయింది. వంటింటి నుంచి నక్షత్రాలు చక్కగా కనిపించేవి. మా ఆవిడ పంకజాక్షి మెట్ల కింద కిరోసిన్ స్టవ్వు పెట్టుకుని, నడుం వంచుకుని వండింది. ఒకనాడు గరిటె కింద పెట్టి తీర్పు చెప్పింది.

"కార్తీక వానలు ముదిరేలోగా ఈ ఇంటికి కప్పు పడకపోతే నేను పలమనేరు పోతాను, మా తమ్ముడింటికి. మీరు ఈడనే ఉండి విభక్తులు వండుకొని, సంధులు తాళింపు పెట్టుకొని తినండి."

నా పాత శిష్యుడు సునీల్‌కుమార్ పూతలపట్టులో ఉంటాడు. వాడి సలహాయే మునిరామయ్య. "మనిషి బంగారం సార్. మాట మాత్రం అడగగూడదు," అన్నాడు.

ఒకసారి కాలిన చేయి కనుక, ముందుగా మేస్త్రి మరమ్మతు చేసిన ఇళ్లకు వెళ్లి విచారించాను. ఒక పెద్దాయన నన్ను అరుగు మీద కూర్చోబెట్టాడు.

"ఎప్పటికి పూర్తి చేస్తానన్నాడండీ?"

"అన్నే లేదు సామీ."

"మరి పూర్తి చేశాడా?"

"నువ్వు కూసోనుండే అరుగు యాడిదనుకున్నావు?"

మేస్త్రిని పిలిపించాను. టీవీఎస్ బండి మీద వచ్చాడు. పంకజాక్షి కొంగు బిగించి ప్రశ్నలు మొదలుపెట్టింది.

"వానల్లోగా కప్పు పడుతుందా?"

"సూడల్లమ్మా."

"మంచి సిమెంటు వేస్తావా?"

"సూడల్ల."

"ఇంతకీ పని ఒప్పుకుంటాండావా, లేదా?"

ఆయన ఆలోచనగా పైకప్పు వైపు చూశాడు. కప్పు లేదు కనుక మేఘాలను చూశాడు. "సూడల్లమ్మా," అని బండెక్కి వెళ్లిపోయాడు.

పంకజాక్షి నా వైపు తిరిగింది. "ఆ ప్రతాపు అబద్ధమైనా నోరారా చెప్పినాడు. ఈయన అబద్ధం కూడా చెప్పడే!"

మరునాడు పొద్దున పాలవాడి కన్నా ముందు మేస్త్రి వచ్చాడు. ఆ తరువాత రోజూ అలాగే, ఒక్కనాడూ రానని గాని, వస్తానని గాని అనకుండా వచ్చాడు. ఆయనను భవిష్యత్కాలంలోకి లాగాలని నాకు పంతం పుట్టింది. ఒక బుధవారం వల పన్నాను.

"రేపు ఏ వారం మేస్త్రీ?"

ఆయన తాపీ ఆపి నన్ను జాలిగా చూశాడు. "ఈ పొద్దు బుధవారం అయ్యోరా. రేపటి సంగతి సూడల్ల."

గురువారం అనడానికి క్రియాపదమే అక్కరలేదు. అయినా చిక్కలేదు!

స్లాబు వేసిన రోజు మధ్యాహ్నం, కూలీలు చేతులు కడుక్కుంటూ ఉండగా తూర్పు నల్లబడింది. బంగాళాఖాతంలో వాయుగుండమని రేడియో చెప్పింది. పచ్చి స్లాబు మీద పెద్ద వాన పడితే సిమెంటు పాలు కొట్టుకుపోయి కంకర పైకి తేలుతుందని అప్పటికి మాకూ తెలుసు.

"వానొస్తే ఎట్ల మేస్త్రీ?" పంకజాక్షి గొంతులో ఈసారి దబాయింపు లేదు.

"సూడల్లమ్మా," అని ఆయన బండెక్కి వెళ్లిపోయాడు.

పంకజాక్షి ట్రంకుపెట్టె తెరిచి చీరలు సర్దసాగింది. "పోయినాడు. ఈయనా ఇంకొక ప్రతాపే."

"కాదు," అన్నాను. "ప్రతాప్ వస్తానని చెప్పి పోయాడు. ఈయన ఏమీ చెప్పకుండా పోయాడు. వ్యాకరణరీత్యా చాలా తేడా ఉంది."

ఆవిడ చూపులో నేను కర్త, కర్మ రెండూ అయిపోయాను.

పెట్టె మూత పడేలోగా వీధిలో బండి చప్పుడైంది. బండి కనిపించింది గాని మనిషి కనిపించలేదు. హ్యాండిల్ మీద, వెనకా, కొండంత టార్పాలిన్ పట్ట. దాని నడుమ ఎక్కడో మేస్త్రి. కూలీలను పిలిచి స్లాబంతా కప్పించి, మూలలు తాళ్లతో కట్టి, అంచుల వెంబడి ఇటుకలు పెట్టాడు. చివరి ఇటుకకూ మొదటి చినుకుకూ మధ్య ఊపిరి తీసుకునేంత వ్యవధి ఉంది. ఆ పట్ట నుంచి వరిగడ్డి వాసన, పేడ వాసన వస్తూ ఉన్నాయి.

"ఎక్కడిది మేస్త్రీ ఇది?"

"ఉండేదే లే అయ్యోరా," అని తడుస్తూ వెళ్లిపోయాడు.

తెల్లవార్లూ కుండపోత. తెల్లవారి మేస్త్రి వచ్చి పట్ట అంచు ఎత్తి చూపించాడు. స్లాబు చెక్కు చెదరలేదు. అంతలో గొడుగు వేసుకుని ఒకావిడ గేటు తోసుకుని వచ్చింది. మేస్త్రి ఆవిడను చూడగానే ఇసుక జల్లెడ వెనక్కు తప్పుకున్నాడు.

"మా పట్ట ఈడ ఉండాదా అమ్మా? నా పేరు గంగులమ్మ. ఆ జల్లెడ ఎనకాల దాక్కోనుండే మనిసి పెండ్లాన్ని."

"ఉంది. ఏమైంది?"

"ఏమైందా! కొట్టం మింద పట్ట పీక్కోనొచ్చినాడు. మా బర్రె వానకు తడవగూడదని దాన్ని నా వంటింట్లో కట్టేసినాడు. పొద్దున్నే పొయ్యి కాడికి పోతే తోకతో సాచి కొట్టింది సూడమ్మా, చెంప మింద! ఇప్పుడు అది ఇంటామె, నేను ఇరుగుపొరుగు!"

పంకజాక్షి నవ్వాపుకోలేక గోడ పట్టుకుంది. "నీకు చెప్పి తేలేదా?"

"ఆ మనిసి చెప్పేదేందమ్మా! మా పెండ్లిలో మా నాయన చెయ్యి పట్టుకోని, 'నా బిడ్డను బాగా సూసుకుంటావా అల్లుడా' అంటే, అంత మంది ముందర 'సూడల్ల మామా' అనె. మా నాయన పెండ్లి నిలిపేస్తానని లేసినాడు!"

"మరి చూసుకున్నాడా?"

గంగులమ్మ గొడుగు మూసింది. గొంతు కాస్త తగ్గింది. "కాలిరిగి మంచాన పడితే నాకు తల దువ్వి జడేసింది ఎవురనుకున్నావు? ఇంత వంకర జడ! 'మళ్లా నడస్తానా' అంటే అప్పుడూ అదే మాట. అదేందయ్యా, నడస్తావు అని ఒక మాట అంటే నీ సొమ్మేం పోతాది అని ఏడిస్తే, 'చెప్పినామంటే ఆ మాట పట్టుకోని కాసుకోనుంటారు గంగులూ, పాపం. చేస్తే పోలా' అనినాడు."

అప్పుడు వెలిగింది నాకు. చూడవలెను, చూడవలె, చూడల్ల, సూడల్ల. "వలెను" సందేహార్థకం కాదు, విధ్యర్థకం! ఏమవుతుందో చూద్దామని కాదు ఆయన అంటున్నది. ఇది నేను చూడవలసిన పని అని. ఇన్నాళ్లూ నేను తప్పించుకోవడం అనుకున్నది పూచీ తీసుకోవడమన్నమాట. ఈ ఆవిష్కారాన్ని అక్కడికక్కడే సవివరంగా ప్రకటించాను. మేస్త్రి జల్లెడ వెనక నుంచి, "సూడల్ల," అన్నాడు.

పంకజాక్షి ట్రంకుపెట్టె నుంచి చీరలు తీసి మళ్లీ బీరువాలో పెట్టింది. గంగులమ్మను మెట్ల కింద స్టవ్వు దగ్గర కూర్చోబెట్టి, "మీ ఇంటామె వంటిల్లు ఖాళీ చేసేదాకా ఈడనే తిను," అని వేడివేడి ఉప్మా పెట్టింది.

కొత్త వంటింట్లో మేస్త్రి దంపతులను పిలిచి, ఆ బర్రె పాలే పొంగించాం. పైన కప్పు, కప్పు మీద వాన, కింద మేము పొడిగా. ఇంతకన్నా గొప్ప వాక్యం నేను ఏ తరగతిలోనూ చెప్పలేదు.

మేస్త్రి దంపతులు వెళ్లాక పంకజాక్షి ఖాళీ ట్రంకుపెట్టెను చూపించింది. "ఏమండీ, దీన్ని కొత్త అటక మీదికి ఎక్కిస్తారా?"

"చూడవలెను," అన్నాను గంభీరంగా.

"ఆయనంటే అది విధ్యర్థకం. మీరంటే సందేహార్థకమే," అంది. "ముందు నిచ్చెన తెండి."