సగం అంచుకే చక్కెర

నాలుగు వందల పేజీల నవలను గ్లాసులోకి వంపి ఊరందరిచేతా తాగించిన మనిషి ఒకాయన ఉన్నాడు. సరే, ఊరందరూ కాదు, పదహారు మంది. నవల కూడా పూర్తిగా కాదు, రెండు వందల పన్నెండో పేజీ దాకానే. గ్లాసు మాత్రం నిజం.

స్టేషను ఎదురుగా ఉన్న హోటల్లో బార్ కౌంటరు ఇరవై ఆరేళ్లుగా ఆయనదే. ఆ ముఖం చూసి అందరూ నిమ్మకాయ అని పిలుస్తారు. డ్యూటీకి వెళ్లే ముందు ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే, భార్య పక్కన కూర్చుని రోజుకు నాలుగు పేజీలు చదివి వినిపించేది. ఆ నవల్లో ఒకావిడ ప్లాట్‌ఫారం మీద చక్కెర లేని టీ తాగుతూ, వెళ్లిపోయిన భర్త కోసం ఎదురుచూస్తుంటుంది. రెండు వందల పన్నెండో పేజీలో బస్సు టికెట్టు గుర్తు పెట్టి ఆసుపత్రికి వెళ్లిన భార్య తిరిగి రాలేదు. ఆయన ఏడవలేదు. చొక్కా ఇస్త్రీ చేసుకుని డ్యూటీకి వెళ్లాడు. నాలుక మీద రుచి మాత్రం పోయింది. కొలత గ్లాసును నమ్ముకుని రోజులు నెట్టుకొచ్చాడు.

ఒకరోజు మేనేజరు వచ్చాడు.

"శనివారం సాయంత్రం పుస్తకాలవాళ్ల సమావేశం. ఏదో ఒక నవల పట్టుకుని కొత్త డ్రింకు చెయ్యండి. గ్లాసు ఇస్తూ కథ కూడా చెప్పాలి, ముగింపుతో సహా."

నిమ్మకాయకు తెలిసిన నవల ఒక్కటే. ముగింపు కావాలంటే ఆ టికెట్టు తియ్యాలి.

బ్రాందీ, తియ్యటి నారింజ లిక్కరు, నిమ్మరసం, గ్లాసు అంచుకు చక్కెర. సైడ్‌కార్ అనే పాత కాక్‌టెయిల్ అంటే ఇంతే. ఆయన ఆ నారింజ లిక్కరు పక్కనపెట్టి, దాని బదులు నారింజ తొక్కలు వేసి మరిగించిన టీ డికాక్షన్ పోశాడు. రుచి చెప్పమని, అదే హోటల్లో గదులు సర్దే మరదలిని పిలిచాడు.

ఒక్క గుక్కకే ఆమె కళ్లు మూసుకుంది. "ఇది డ్రింకా బావా, పాత పగా? తీపేదీ?"

"ఆవిడ చక్కెర వేసుకోదు."

"ఎవరు, మా అక్కా?"

"నవల్లో ఆవిడ."

"తాగేది నవల్లోవాళ్లు కాదుగా! అంచుకైనా అద్దు."

ఆయన సగం అంచుకు అద్ది ఆపేశాడు. మరదలు గ్లాసు కౌంటరు మీద పెట్టింది.

"ఆ పుస్తకం నేను చివరిదాకా చదివాను. చెప్పనా?"

"వద్దు."

శనివారం ఒక్కొక్కరికీ గ్లాసు అందించి, రెండు వందల పన్నెండో పేజీ దాకా చెప్పి ఊరుకున్నాడు.

"తర్వాత? ఆయన వచ్చాడా?" అడిగింది కళ్లజోడు పెట్టుకున్న ఒకావిడ.

"ఇంకా రాలేదండీ."

"అదేం ముగింపు?"

"చక్కెర ఉన్నవైపు తాగితే వచ్చినట్టు. లేనివైపు తాగితే..." అంటూ కౌంటరు తుడవడంలో పడ్డాడు.

మేనేజరు దూరం నుంచి గుర్రుగా చూశాడు. పదహారు గ్లాసులూ తిరిగొచ్చాయి. ఒక్క అంచున కూడా చక్కెర పలుకు మిగల్లేదు. నిమ్మకాయ వాటిని కడిగి, వరసగా బోర్లించాడు. టికెట్టు ఇప్పటికీ ఆ పేజీలోనే ఉంది.

ఇదంతా నిజమేనా అని అడిగితే ఆయన తల కూడా ఎత్తడు.

"ఎవరు చెప్పారండీ మీకు? మా ఇంట్లో పుస్తకమన్నదే లేదు. ఆ రోజు చక్కెర అయిపోయింది, అంతే."