మంచు మీద ఒంటి తుమ్ము

దెయ్యాల కథలు చెప్పడం నాకు అలవాటు. నమ్మడం కాదు. జర్మనీలో మేముండే వాల్డార్ఫ్‌లో మన తెలుగువాళ్లు నలుగురు కూడితే పిల్లల్ని భయపెట్టే పని నాకే అప్పగిస్తారు. నా మాటల్లో సగం తీసేసి వినమని మా ఆవిడ సునీత కొత్తవాళ్లకి ముందే చెప్పేస్తుంది. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు వెనకాడాను. ఇందులో తీసేయడానికేమీ లేదు.

కరోనా మొదటి ఏడాది, అందరం ఇళ్లలోంచే ఆఫీసు పని చేస్తున్న రోజుల్లో, ఒక వీడియో కాల్‌లో కోత కోశాను. జర్మనీలో అన్నిటికన్నా ఎత్తైన కొండ జుగ్‌ష్పిట్జె మీద హిమానీనదం ఉంది, దాని నడిమధ్యన నిలబడి పులిహోర తిన్నానని. నిజానికి అప్పటికి ఆ కొండను క్యాలెండర్‌లో తప్ప చూడలేదు.

మరుసటి ఏడాది జూన్‌లో ఆంక్షలు సడలాక ముగ్గురం వెళ్లాం. పైకి చేరగానే పద్నాలుగేళ్ల మా అమ్మాయి తన్వి ఫోన్ తీసి, "బెవైస్, పాపా!" అంది. నేను మంచు నడుమ నిలబడ్డట్టు రుజువు కావాలట.

ఎదురుగా తెల్లగా, చదునుగా, ఆడుకోవడానికి వేసినట్టున్న మంచు. ముందు ఒక తాడు. దాటితే ప్రాణాపాయమని బోర్డు. అర్థం కాలేదని చెప్పను. పన్నెండేళ్లుగా ఈ దేశంలో బోర్డులు చదివి చదివి, ప్రతిదానికీ ఒకటి పెడతారులే అనుకున్నాను.

"తాడు దాటకుండ్రి! మీ కోతల కోసం పిల్లను తీసుకపోతరా?" అని సునీత వెనక నుంచి అరిచింది.

"పదడుగులే" అన్నాను. అరవై దాకా వేశాం. ఫొటోకి మంచి చోటు వెతుకుతూ తన్వి నాకు కొంచెం ముందు నడుస్తోంది.

అప్పుడు వినిపించింది. నా కుడి భుజం వెనకే, స్పష్టంగా, ఒకే ఒక్క తుమ్ము.

బయలుదేరేటప్పుడు ఒంటి తుమ్ము వినిపిస్తే మా ఇంట్లో ఆగుతాం. కాసేపు కూర్చుని, రెండు గుక్కల నీళ్లు తాగి కదులుతాం. దాన్నీ నేను నమ్మను. నా కాళ్లు మాత్రం చిన్నప్పటి నుంచీ నమ్ముతున్నాయి. ఆగిపోయాయి.

తన్వి వెనక్కి తిరక్కుండానే "గెజుండ్‌హైట్, మమ్మీ!" అంది. ఇక్కడ ఎవరు తుమ్మినా ఆరోగ్యంగా ఉండమని అనే మాట అది.

"ఆగు బిడ్డా. ఇటు రా, కూసో. నీళ్లు తాగి పోదాం."

"పాపా, కరోనాలో తుమ్మితే టెస్ట్ చేస్తారు. వాటర్ తాగరు!"

"రమ్మంటే రా."

గొణుక్కుంటూ వచ్చి నా పక్కన మంచు మీద కూలబడింది. స్టీలు సీసా మూత తీసి ముందు తనకే ఇచ్చాను. అది మళ్లీ నా చేతికి రాకముందే, తన్వి ఆఖరి అడుగు పడిన చోటికి అవతల మంచు కిందికి దిగిపోయింది. పెద్ద చప్పుడు లేదు. బియ్యం బస్తా దించినట్టు మెత్తటి శబ్దం, అంతే. కారు పట్టేంత గుంత. లోపల నీలం గోడలు. ఎక్కడో అడుగున నీళ్లు పారుతున్న హోరు.

లేచి నిలబడే ధైర్యం లేక కొంత దూరం పాకాం. తర్వాత మా అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ తాడు దగ్గరికి చేరాం. సునీత ముందు పిల్లని వాటేసుకుంది. తర్వాత నా వీపు మీద ఒక్కటిచ్చింది. నా జన్మలో అంత హాయైన దెబ్బ తినలేదు.

అక్కడ పనిచేసే పెద్దాయన ఒకడు పరుగున వచ్చి బాగా తిట్టాడు. తిట్టి, వివరించాడు. కరిగిన నీరు ఐసు లోపల దారి చేసుకుని గుల్ల చేస్తుందట. పైన పేరుకున్న మంచు వంతెనలా నిలిచి నేలలాగే కనిపిస్తుందట. ఎవరి బరువుకి కూలుతుందో దానికే తెలియదన్నాడు.

ఊపిరి కుదుటపడ్డాక సునీతకి దండం పెట్టి, మంచి సమయానికి తుమ్మావన్నాను.

"నేనెక్కడ తుమ్మిన? ఈ రోజులల్ల ఇంతమంది నడుమ తుమ్మితే నా చుట్టూ ఒక్కరన్న నిలబడుదురా?" అంది. నిజమే. ఆమెకి రెండు పక్కలా మనుషులు అలాగే నిలబడి ఉన్నారు. నేను తుమ్మలేదు. మా వెనక మంచు మీద మా ఇద్దరి అడుగులే తప్ప మూడో అడుగు లేదు. గాలి కూడా లేదు.

ఐసు బీటలు వారితే అలాంటి చప్పుడే వస్తుందని ఒక మిత్రుడు అన్నాడు. రావచ్చు. మరి బీటకి నా కూతురు గెజుండ్‌హైట్ చెప్పిందా? ఈ కథ విన్నవాళ్లంతా అలవాటుగా సగం తీసేసి నవ్వుతారు. ప్రతిదానికీ రుజువు అడిగే తన్వి మాత్రం దీనికి ఒక్కసారీ అడగలేదు.

మొన్న పొద్దున అది స్కూలుకి బయలుదేరుతుంటే వంటింట్లో సునీత తుమ్మింది. తన్వి బూట్లతోనే గుమ్మం దగ్గర కూర్చుని, సీసా మూత తీసి రెండు గుక్కలు తాగింది. నేను చూడటం గమనించి, "వాస్?" అంది. ఏంటి, అని.

ఏమీ లేదన్నాను. ఆ రోజు మంచు మీద తుమ్మింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరైనా సరే, వాళ్ల ఆరోగ్యం బాగుండాలి.