ఇంజను మీద నీటిచుక్కలు

దయ్యాలు లేవని నేను ఇప్పటికీ అంటాను. మా ఊళ్ళో గాలి సోకిందని తాయెత్తు కట్టించుకునేవాళ్ళను చూసి నవ్వేవాణ్ణి. బావి దగ్గరి ఇంజను మొండికేస్తే, దిష్టి తగిలింది నిమ్మకాయ కట్టమని సలహా ఇచ్చిన పెద్దమనుషులూ ఉన్నారు. ఇంజనుకు దిష్టి ఏమిటి? అది ఆగిపోయిందంటే ఆయిలు అందలేదు, లేదా నిప్పు పుట్టలేదు. మూడో కారణం ఉండదు. అలా అనుకునే మనిషికి జరిగింది కాబట్టే ఇది రాస్తున్నాను.

ఎనభైల మొదటి మాట. ఉరవకొండ నుంచి విడపనకల్లు పోయే దారిలో మాకు నాలుగెకరాల వేరుశనగ చేను, ఒక బావి ఉండేవి. కరెంటు తీగ మా చేని దాకా రాలేదు. అందుకని పెట్రోలుతో మొదలుపెట్టి, వేడెక్కాక కిరసనాయిలుకు మార్చే చిన్న ఇంజను ఒకటి కొన్నాను. తాడు చుట్టి లాగాలి. పక్కన ఒక పిడి ఉంటుంది. ఇటు తిప్పితే పెట్రోలు, అటు తిప్పితే కిరసనాయిలు.

పెట్రోలు ఉరవకొండ నుంచి డబ్బాలో తెచ్చుకోవాలి. మాకది తీర్థంతో సమానం. ఇంజను అందుకోగానే నేను పిడి తిప్పేసేవాణ్ణి. చల్లటి ఇంజనులో కిరసనాయిలు సరిగా మండదు. ప్లగ్గు తడిసి, మసి పట్టి, నిప్పురవ్వ పుట్టకుండా పోతుంది. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. ఈ సంగతి నాకు తెలియక కాదు. ఒక నిమిషం వేడెక్కితే చాలదా అని నా లెక్క.

నా భార్య సుంకమ్మకు ఇంజను గురించి ఏమీ తెలియదు. కానీ రోజూ ఇంటెడు మందికి జొన్నరొట్టెలు కాల్చే మనిషి. కొన్న వారంలోనే నా తంటాలు చూసి, చెంబులో వేళ్ళు ముంచి, నడుస్తున్న ఇంజను తల మీద, ప్లగ్గు పక్కన నీళ్ళు చిలకరించింది. చుక్కలు ఆవిరి కాకుండా అట్లాగే వణుకుతూ నిలబడ్డాయి. నేను పిడి మీద చెయ్యి వేస్తే గట్టిగా పట్టుకుని ఆపింది.

"పెనం కాలకముందే రొట్టె ఏస్తే అంటుకోకుండా ఉంటాదా? నీ ఇంజనూ అంతే. ఉండు," అంది.

కాసేపాగి మళ్ళీ చిలకరించింది. ఈసారి సుయ్ మని ఆవిరి లేచింది. ఇప్పుడు తిప్పు అన్నట్టు తల ఊపింది. ఇంజను గురించి నీకేం తెలుసు మే అని అప్పటిదాకా వెక్కిరించినవాణ్ణి, నోరు మూసుకుని తిప్పాను. ఆ రోజు ఇంజను ఒక్కసారి కూడా ఆగలేదు.

అప్పటి నుంచి మా ఇద్దరికీ అదే పద్ధతి. ఆమె చెంబు పట్టుకుని రావాలి, సుయ్ మనాలి, నేను తిప్పాలి. ప్లగ్గు విప్పే పని ఎప్పుడో గాని పడేది కాదు.

బావి పక్కన పావు ఎకరంలో ఆమె కనకాంబరాలు వేసింది. ధర్మవరం దగ్గరి పుట్టింటి నుంచి నారును తడి గోనెలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. వేరుశనగ వానను నమ్ముకుంది, నా పూలు నిన్ను నమ్ముకున్నాయి అనేది.

మూడేళ్ళు పూశాయి. నాలుగో ఏడు చలికాలంలో ఆమెకు కామెర్లు వచ్చాయి. పదకొండు రోజుల్లో పోయింది.

ఎండాకాలం వచ్చేసరికి ఇంజను మొరాయించడం మొదలుపెట్టింది. ఎప్పుడు ప్లగ్గు విప్పినా తడి, నలుపు. గరుకు కాగితంతో రుద్దాను. పొయ్యిలో కాల్చాను. దాని కొనల మధ్య సందు సరిచేశాను. కొత్తది వేస్తే రెండు రోజులకు అదీ నల్లబడింది. కార్బొరేటరు విప్పి కడిగాను. ఉరవకొండ నుంచి మెకానిక్కు మస్తాను రెండుసార్లు వచ్చి, పిస్టను రింగులు కూడా చూసి, అంతా బాగానే ఉందన్నాడు. అన్నిట్లోనూ తప్పు వెతికాను, చెంబు పట్టే మనిషి లేక మళ్ళీ పాత తొందరలో పడ్డ నా చెయ్యి ఒక్కటి తప్ప.

ఇంజను ఆగిన రోజు కనకాంబరాలకు బిందెలతో నీళ్ళు మోశాను. మోసినన్ని మోసినా సాళ్ళ చివర మొక్కలు వాడిపోతూనే ఉన్నాయి. అవి ఎండిపోతే సుంకమ్మ రెండోసారి పోయినట్టే అనిపించేది. మొదటిసారి ఎట్లాగో తట్టుకున్నాను. ఇంకోసారి నా వల్ల కాదు.

మస్తాను మూడోసారి వచ్చిన రోజు సంగతి ఇది. పొద్దున పది గంటలై ఉంటుంది. కొత్త ప్లగ్గు అతనే బిగించాడు. రంధ్రంలో దుమ్ము పడకూడదని అంతకుముందే ఇంజను తలంతా పొడిగుడ్డతో తుడిచింది నేను. పంపు నీళ్ళు పట్టుకోవాలంటే ముందు బకెట్టుతో దాన్ని నింపాలి, ఆ పని ఇంకా ముందే అయిపోయింది. ఆ బకెట్టునే బోర్లించి మస్తాను దాని మీద కూర్చున్నాడు. తాడు లాగాను. ఇంజను అందుకుంది. నిమిషం కూడా కాలేదు, నా చెయ్యి అలవాటుగా పిడి మీదికి పోయింది.

ప్లగ్గు పక్కన నాలుగు నీటిచుక్కలు వణుకుతూ ఉన్నాయి.

పైకి చూశాను, మబ్బు తునక లేదు. పంపు చూశాను, ఎక్కడా కారడం లేదు. అయినా పంపు ఇంజనుకు మూరెడు కింద ఉంటుంది. పిడి మీద నుంచి చెయ్యి తీసేశాను. భయంతో కాదు. ఆ చుక్కలు చూడగానే నాకు ఏడుపొచ్చింది.

మూడు నాలుగు నిమిషాలు అట్లాగే నిలబడ్డాను. చుక్కలు మెల్లగా ఆరిపోయాయి. నేను ముఖం తుడుచుకుంటుండగా సుయ్ మంది. చూస్తే అదే చోట ఆవిరి. నీళ్ళు పడటం నేను చూడలేదు. ఆ ఇంజను మోతలో అంత చిన్న చప్పుడు బకెట్టు దాకా వినపడకూడదు కూడా. కానీ మస్తాను బకెట్టు మీద నుంచి లేచి నిలబడ్డాడు.

"నీళ్ళు ఎవురు సల్లిందన్నా?" అన్నాడు.

నేను పిడి తిప్పాను. బావిలో నీళ్ళు అడుగంటేదాకా ఇంజను ఆగలేదు. సాయంత్రం ప్లగ్గు విప్పితే కాల్చిన వేరుశనగ పొట్టు రంగులో, పొడిగా ఉంది. ప్లగ్గు అట్లా ఉంటే అంతా సరిగా మండుతున్నట్టు. పూలమొక్కలు బతికాయి.

పంపులో పోసేటప్పుడు చిందిన నీళ్ళే అయి ఉంటాయని మస్తాను తర్వాత అన్నాడు. పంపు నింపాకే తుడిచానని ఆ గుడ్డ చూపించాను. ఆ తర్వాత ఎప్పుడడిగినా మాట మార్చేవాడు. ఆ నీళ్ళు ఎక్కడివో నేనూ చెప్పలేను. ఆయిలు, నిప్పు తప్ప మూడో కారణం ఉండదనుకున్న మనిషిని, ఈ ఒక్క లెక్క ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను.

ఇంకొకటి ఉంది, ఎవరికీ చెప్పలేదు. ఆ రోజుతో నాకు బుద్ధొచ్చి, చెంబు పట్టుకుపోయి, నేనే చిలకరించి, ఆగి తిప్పడం నేర్చుకున్నాను. కానీ నెలకోసారి, రెండుసార్లు, చెంబు కావాలనే ఇంట్లో వదిలేసి పోయేవాణ్ణి. ఇంజను చల్లగా ఉండగానే పిడి మీద చెయ్యి వేసి, కాసేపు చూసి, తిప్పేసేవాణ్ణి. ఆపుతుందేమోనని. కరెంటు మోటారు వచ్చేదాకా అట్లా చాలా ప్లగ్గులు పాడు చేశాను. ఉండు అని ఎవరూ నా చెయ్యి పట్టుకోలేదు.