పెట్టెలో పెట్టె గీసిన మా సార్

మా ఆపరేటింగ్ సిస్టమ్స్ సార్ పోయారని మస్తానయ్య ఫోన్ చేసినప్పుడు నేను తడ దగ్గర మా ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఉన్నాను. మస్తానయ్య నా క్లాస్‌మేట్. "గుండెపోటంట. నెల్లూరు తీసకపోయేలోపలే అయిపోయిందంట," అన్నాడు. సరే అన్నాను. ప్లేటులో ఉన్న అన్నం మొత్తం తిన్నాను. చెయ్యి కడుక్కుంటుంటే ఏ కూర తిన్నానో గుర్తు రాలేదు. ఇది రాసేనాటికీ నాకు ఏడుపు రాలేదు.

సార్ బోర్డు మీద ఎప్పుడూ పెట్టెలే గీసేవారు. పెద్ద పెట్టెలో చిన్నవి, వాటిలో ఇంకా చిన్నవి. సర్వర్‌లో నడిచే ప్రోగ్రాములను అలా గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపు ఇంతకు మించి మెమరీ వాడకూడదని హద్దు పెడతారు. హద్దు దాటబోతే సిస్టమ్ ఆ గుంపులోనుంచే మెమరీ వెనక్కి లాక్కుంటుంది. అదీ చాలకపోతే ఏదో ఒక ప్రోగ్రామును ఆపేస్తుంది. "మెషీన్‌లో ఇంత ఖాళీ ఉంటే నా ప్రోగ్రాము ఎందుకు చచ్చింది సార్?" అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడిగేవారు. "ఖాళీ ఉంది సరే, నీ పెట్టెలో ఉందా చూడు," అనేవారు. సుద్ద చేత్తోనే ముక్కు రుద్దుకునేవారు. ఆ తెల్లటి ముక్కుతోనే ప్రిన్సిపాల్ గదికీ వెళ్ళేవారు.

చివరి ఏడాది మస్తానయ్యా నేనూ ఆయన దగ్గర ప్రాజెక్టు చేశాం. తుఫాను హెచ్చరిక రాగానే తీరంలోని పల్లెల ఫోన్లకు మెసేజీలు పంపే ప్రోగ్రాము. మస్తానయ్య వాళ్ళన్న పడవ మీద వేటకు పోతాడు. కాలేజీ సర్వర్‌లో మాకో పెట్టె ఇచ్చి, కొంత మెమరీని ఎవరూ లాక్కోకుండా కాపు పెట్టింది సారే.

ఆ కార్తీకంలో ఒక పొద్దున వాయుగుండం బలపడిందని హెచ్చరిక వచ్చింది. పరీక్షలు వాయిదా అన్న మాట పాకి, పిల్లలంతా కాలేజీ వెబ్‌సైట్ మీద పడ్డారు. వెబ్‌సైట్ పెట్టే, మా పెట్టెతో సహా విద్యార్థుల ప్రాజెక్టులన్నీ ఉన్న పెట్టే ఒకే పెద్ద పెట్టెలో ఉండేవి. దాని హద్దు నిండిపోయింది. మా మెసేజీలు నిలిచిపోయాయి.

"ముందు మీ అన్నకు ఫోన్ చెయ్యబ్బయా," అన్నారు సార్.

"మా అన్నకు చేసినా సార్. అన్ని పల్లెలోళ్ళకీ ఎట్టా చేసేది? కాసేపట్లో పడవలు సముద్రంలోకి దిగతాయి."

సార్ స్క్రీన్ ముందు కూర్చున్నారు. ఒక్కో పెట్టె హద్దూ తెరిచి చూశారు. తర్వాత మా వైపు తిరిగారు.

"తప్పు నాదే. మీ పెట్టెకు కాపు పెట్టినా. దాని పైనున్న ప్రాజెక్టుల పెట్టెకు పెట్టలా. పైదానికి లేకపోతే లోపలిదానికి ఎక్కణ్ణించి వస్తది?"

పైదానికీ కాపు పెట్టారు. సిస్టమ్ ఈసారి వెబ్‌సైట్ నుంచి లాక్కోవడం మొదలుపెట్టింది. మా మెసేజీలు కదిలాయి. వెబ్‌సైట్ ఏమైందని ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేస్తే, "నేనే నెమ్మది చేసినాను సార్. సాయంత్రం దాకా ఇట్టాగే ఉంటది," అని పెట్టేశారు. మెసేజీలు అందిన పల్లెల్లో ఆ రోజు పడవలు దిగలేదు. తర్వాతి క్లాసులో సార్ తన తప్పునే బోర్డు మీద గీసి పాఠం చెప్పారు.

సార్ పోయారని తెలిసి బుచ్చిరెడ్డిపాళెంలో వాళ్ళింటికి నేను వెళ్ళేసరికి మస్తానయ్య వాళ్ళన్న, ఆ మెసేజీలు అందిన పల్లెలవాళ్ళు ఇంకొందరు ఆటోలో వచ్చి ఉన్నారు. సార్‌ని ఎప్పుడూ చూడనివాళ్ళు. "ఈయనేనా?" అని ఒకాయన నన్ను మెల్లగా అడిగాడు. అవునన్నాను.

గుమ్మం బయట వాళ్ళు విడిచిన చెప్పులకు తడి ఇసుక అంటుకుని ఉంది. ఎండకు ఆరి, కొంచెం కొంచెంగా మెట్టు మీద రాలుతోంది.