జాలిగంటె పంతులు

దుబాయ్‌లోని నైఫ్ బజారులో నేను కంప్యూటర్ సామాన్లు అమ్మే రోజుల్లో టాంజానియా నుంచి ఒక బడిపంతులు మూడు రోజులు వరసగా మా దుకాణానికి వచ్చాడు. ఏ వైర్‌లెస్ డబ్బా చూపించినా, దాని మీద ‘వంద మీటర్లు’ అన్న చోట గోటితో టకటకా కొట్టి, వచ్చీరాని హిందీలో అడిగేవాడు: “ఈ డబ్బా మా ఊరు చూసిందా?”

వాళ్ల బడికీ, నెట్ ఉన్న ఆసుపత్రికీ మధ్య మూడు కిలోమీటర్ల బయలు.

“అంత దూరం రాదు భాయ్, ఖలాస్!” అన్నాడు మా ముదీర్, దుకాణం మేనేజరు.

పంతులు పక్కనున్న గిన్నెల దుకాణంలో పళ్లెమంత జాలిగంటె కొనుక్కొచ్చాడు. మా అమ్మ సకినాలు తీసేది అలాంటిదానితోనే. డిష్ యాంటెనాకు మల్లే దాని నడుమ యూఎస్‌బీ వైర్‌లెస్ పుల్ల కట్టి, పొడుగు వైరుతో లాప్‌టాప్‌కు తగిలించాడు.

“హోటల్ పెడుతున్నావా?” ముదీర్ పగలబడి నవ్వాడు.

పంతులు నా చేతికి లాప్‌టాప్ ఇచ్చాడు. తాను జాలిగంటెను జనం తలల మీదికి ఎత్తి పట్టుకుని, నన్ను వీధి చివరిదాకా నడిపించాడు. మా దుకాణం బోర్డు చుక్కంత అయింది. తెర మీద మా దుకాణం వైఫై సిగ్నల్ మాత్రం పోలేదు.

మా మండల కేంద్రంలో నెట్ ఉంది, నాలుగు కిలోమీటర్ల అవతల మా ఊళ్లో లేదు. ఆ ఏడు సెలవుకు వెళుతూ రెండు జాలిగంటెలు పెట్టెలో పెట్టుకున్నాను. హైదరాబాద్‌లో కస్టమ్స్ ఆయన వాటిని తిప్పి తిప్పి చూశాడు.

“ఏందయ్యా ఇవి?”

“మా ఊరి ఇంటర్నెట్, సార్.”