తాబేలు తల ఎటుందో

ఎనభైల చివర్లో హాలియా దగ్గరి ఊళ్లో టీచరుగా కొత్తగా చేరాను. ఒక సాయంత్రం బడి నుంచి వస్తుంటే కాలువ పక్క రోడ్డు మీద పళ్లెమంత తాబేలు కనిపించింది. అది ధాన్యం లారీలు తిరిగే రోడ్డు. తాబేలును ఎత్తి కాలువ గట్టున దింపాను. నాలుగడుగులు వేసి తిరిగి చూస్తే మళ్లీ రోడ్డెక్కుతోంది. మళ్లీ తెచ్చి దింపాను. మూడోసారి అది నడిరోడ్డుకు చేరేసరికి లారీ వస్తోంది. గొడుగు విప్పి అడ్డంగా నిలబడ్డాను. లారీ బారెడు దూరంలో ఆగింది, దాని వెనక బస్సు కూడా. కిటికీల్లోంచి జనమంతా నన్నే చూస్తున్నారు. తాబేలును ఎత్తుకుంటే అది ఉచ్చపోసి నా చీర తడిపేసింది. అయినా వదలకుండా కాలువ వైపే నడిచాను.

పంక్చర్లు వేసే ఖాజా భాయ్ కొట్టులోంచి వచ్చాడు.

"అటెందుకు తీస్కపోతున్నవ్ టీచరమ్మా?"

"నీళ్లలో వదలడానికి."

"కాల్వ పొద్దుగాలనే బంద్ వెట్టిండ్రు. రేపటికి బురదే ఉంటది. అది చెరువుకు పోతాంది. నువ్వే దాని తొవ్వకు అడ్డం పడుతున్నవ్."

చెరువు రోడ్డుకు అవతల ఉంది. అందరూ చూస్తుండగానే వెనక్కి తిరిగి, రోడ్డు దాటించి దింపాను. అది నీళ్లలోకి దిగిపోయింది. మొదటిసారే దాటించి ఉంటే దానికి ఆ లారీ ఎదురే పడేది కాదు.

ఆ తర్వాత ఏటా కాలువ కట్టేసిన రోజుల్లో అదే గొడుగుతో ఆ రోడ్డు మీద నిలబడేదాన్ని. కానీ చెయ్యి వేసే ముందు, తాబేలు తల ఎటుందో చూసేదాన్ని.